మొదటి వంతు

రెండు క్రేన్లకు ఒకే బరువు కట్టి, ఒక్క మనిషి ఒట్టి చేతి సైగలతో దాన్ని గాలిలో నడిపించడమంటే మాటలు కాదు. ఆ విద్యలో చేతుల మేస్త్రీని మించినవాడు భూమ్మీద పుట్టలేదు, ఇకమీద పుట్టబోడు. ఒకసారి పందెం కాసి, కోడిగుడ్డును వలసంచిలో పెట్టించి, సంచిని రెండు కొక్కేలకూ తగిలించి, అయిదంతస్తుల ఎత్తుకు లేపి, గోడ దాటించి, అవతల బల్ల మీదున్న టీగ్లాసులోకి దింపించాడు. పెంకు మీద గీత పడలేదు. ఈ చెప్పేవాడు కళ్ళారా చూశాడు. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పేవాడికి కోపం రాదు. పడవలసిన కోపం ఈ కథలో వేరే ఉంది.

ఆ పని చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. క్రేను ఆపరేటరు తన గదిలో కూర్చుంటే బరువు సగమే కనపడుతుంది, పక్క క్రేను అసలే కనపడదు. అతనికి కనపడేది మేస్త్రీ చేతులు. చూపుడువేలు పైకెత్తి గిరగిర తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. పిడికిలి బిగిస్తే అలాగే పట్టుకో. రెండు చేతులూ బారజాపి అరచేతులు నేలకు చూపిస్తే ఆపు. మొదటి మూడూ మేస్త్రీ ఒక్కడే ఇవ్వాలి. నాలుగోది ఎవరైనా ఇవ్వొచ్చు. టీ తెచ్చిన మనిషి ఇచ్చినా సరే, ఆపరేటరు ఆపి తీరాలి. ఈ సంగతి గేటు దగ్గర బోర్డు మీద బారెడు అక్షరాలతో రాసి ఉంది. అంత పెద్దగా రాసింది ఎవరూ చదవరు, అది వేరే మాట.

దూరానికి చేతులు కనపడాలని మేస్త్రీ భార్య అతని గ్లౌజుల అరచేతుల మీద ఎర్రగుడ్డ కుట్టింది. కంపెనీ ఇచ్చినవి బూడిదరంగువి. ఆ ఎర్రగుడ్డ ఆవిడ పెళ్ళిబట్టలోది. "ముప్ఫై ఏళ్ళు పెట్టెలో పెట్టుకుని ఏం చేస్తాను, నువ్వే చేతులకేసుకుని ఊరేగు" అని కత్తిరించేసింది. చిన్న క్రేను నడిపేవాడు ఆవిడ తమ్ముడే. "బావా, అక్క పెళ్ళినాడు నీ చేతులు పట్టుకుంది, ఈనాటికీ వదల్లేదు చూడు" అని పైనుంచి అరిచేవాడు.

అలాంటి చేతుల కింద, ఒకనాడు, బస్సంత పొడవున్న బాయిలర్ డ్రమ్ము ఒకటి గాలిలో తిరిగింది. దాని తోక కొత్తగా కట్టిన గోడ మూలను కొట్టి రాలగొట్టింది. డ్రమ్ము ఊగకుండా కింద తాడు పట్టుకునే ఆడమనిషిని యార్డులో అందరూ తాళ్ళక్క అంటారు. తాడు ఆవిడ రెండు అరచేతుల్నీ ఒరుసుకుంటూ పోయి తోలు లేపేసింది. ప్రాణాలు పోలేదు. ఎలా పోలేదో గోడనడగాలి.

ఇది జరిగిన అయిదోనాడు మేనేజరు ఒక పైలట్‌ను పిలిపించాడు.

క్యాంటీన్ హాల్లో బల్లలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. పైలట్‌కు జుట్టు నెరిసింది కాని నడుము నిట్రాటలా ఉంది. పండగలప్పుడు, పెద్దలొచ్చినప్పుడు, తొమ్మిది విమానాలు రెక్కకు రెక్క రాసుకుంటున్నట్టు ఎగిరి ఆకాశంలో రంగుల పొగ గీస్తాయే, ఆ జట్టులో పన్నెండేళ్ళు చేశాడట. ఇప్పుడు కంపెనీలు తిరుగుతూ, నలుగురు కలిసి పని చేయడమెలాగో, నాయకుడు ఎలా ఉండాలో పాఠాలు చెబుతున్నాడు.

"మనమందరం ఇవాళ ఆకాశంలో ఎగరబోతున్నాం" అన్నాడు మేనేజరు, ముందు వరసలో కూర్చుని.

"ముందు నేలమీద నడవనివ్వండి బాబూ" అంది తాళ్ళక్క, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. వెనక వరస కిసుక్కుమంది.

పైలట్ గొంతు పెంచకుండా చెప్పాడు. "రెక్కకూ రెక్కకూ మధ్య మూరెడు జాగా. ఆ వేగంలో గుంపులోవాడు నేల చూడడు, ఆకాశం చూడడు, తన ముందున్న మీటర్లు కూడా చూడడు. నాయకుడి రెక్క మీద ఒక గుర్తుంటుంది. కళ్ళు దానికి అతికించేస్తాడు. అంతే."

"బావా, మా గురించే చెబుతున్నాడు" అని గుసగుసలాడాడు బావమరిది. "మేం నీ చేతులకు అతికించుకున్నట్టు."

మేస్త్రీ లేచాడు. బడిలోకూడా ఎప్పుడూ లేచి అడిగినవాడు కాదు. "అయ్యా, మరి ఆ ముందువాడే నేలకేసి పోతే?"

పైలట్ అతనికేసి ఒక క్షణం చూశాడు. "అందరూ నేలకేసే పోతారు."

మేనేజరు ఒక్కడే నవ్వి, "అందుకే నాయకుణ్ణి నమ్మాలన్నమాట" అన్నాడు. పైలట్ నీళ్ళు తాగాడు.

తరవాత అందరి చేతా కళ్ళు మూయించాడు. ఎగరబోయే ముందు పైలట్లు కుర్చీల్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, నాయకుడి గొంతు వింటూ, ప్రదర్శన మొత్తం చేతులతో ఎగురుతారట. మేనేజరు ఒక కన్ను తెరిచి చేతిగడియారం చూసుకున్నాడు. మేస్త్రీ మాత్రం రెండు కళ్ళూ మూసి, ఒడిలోంచి చేతులు పైకి లేపి, ఆనాటి డ్రమ్మును మళ్ళీ ఎత్తాడు. గాలి తిప్పిన చోటుకు వచ్చేసరికి ఒంటికి చెమట పట్టింది.

చివరికి పైలట్ అసలు సంగతికొచ్చాడు. "దిగిన వెంటనే ఒక గదిలోకి వెళ్తాం. తలుపు మూస్తాం. భుజాల మీది హోదాలు బయటే. ముందు నాయకుడు తన తప్పు చెబుతాడు. తరవాత ఒక్కొక్కరూ. ఎవరి తప్పు వాళ్ళే చెప్పాలి. పక్కవాడిది ఎత్తకూడదు, వాడిది వాడే చెబుతాడు. ఆ గదిలో మాట గుమ్మం దాటదు. మేం బతికి బట్టకట్టింది విమానాల వల్ల కాదు, ఆ గది వల్ల."

పైలట్ మరో చోట మాట్లాడాలని భోజనం కాగానే వెళ్ళిపోయాడు. మేనేజరు ఉత్సాహం ఆపుకోలేక ఆ మధ్యాహ్నమే గది పెట్టించాడు. హోదాలు బయట అన్నాడుగా పైలట్, అందుకని హెల్మెట్లన్నీ గుమ్మం బయట పెట్టించాడు. పసుపువన్నీ కుప్ప. తన తెల్లదాన్ని మాత్రం కాస్త ఎడంగా, రుమాలు పరిచి, దానిమీద పెట్టాడు.

"ఒక చిన్న మార్పు" అన్నాడు కూర్చుంటూ. "ముందు మీరు. నాయకుడు అందరిదీ విన్నాక మాట్లాడితే బాగుంటుంది. నేను చివర."

పెద్ద క్రేను ఆపరేటరు, అందరికీ మామ, లేచి బ్రేకు కాస్త మొండిగా వేశానన్నాడు. బావమరిది రేడియోలో మాట సరిగా వినపడకపోయినా మళ్ళీ అడగలేదన్నాడు. తాళ్ళక్క, "తాడు చేతికి చుట్టుకున్నాను. చుట్టుకోకూడదు. ముప్ఫై మందికి నేనే చెప్పిన పాఠం" అంది.

మేస్త్రీ లేచాడు. ఆనాడు గాలి వేగం చూపే మీటరు ముల్లు, ఇక ఎత్తకూడదనే ఎర్ర గీత దాటింది. అతను రెండుసార్లు చేతులు బారజాపి ఆపాడు. రెండుసార్లూ చెవిలో రేడియోలోంచి మేనేజరు గొంతు, "ఎత్తించవయ్యా, కంపెనీ పెద్దలు నిలబడి చూస్తున్నారు" అంది. మూడోసారి అదే గొంతు అరిచినప్పుడు, కుదరదని చెప్పడానికి గొంతు వచ్చినవైపు తల తిప్పాడు. తిరిగిన తల మళ్ళీ డ్రమ్ము మీదికి వచ్చేలోపల గోడ మూల ఎగిరిపోయింది. ఇందులో తన తప్పెంత, అవతలివాడిదెంత? పక్కవాడిది ఎత్తకూడదు, వాడిది వాడే చెబుతాడు అన్నాడు పైలట్. ఆ మాట మేస్త్రీకి కడుపులో పాలు పోసినట్టుంది. ఎంత పరువైన పద్ధతి!

"బరువు మీంచి కళ్ళు తీశాను" అన్నాడు. "రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు. తియ్యకూడదు. అక్క చేతులు కాలింది నా కళ్ళ వల్ల. తప్పు నాది."

కూర్చుని, కుడిచేత్తో మోకాలు పట్టుకుని, మేనేజరుకేసి చూశాడు. అందరూ చూశారు. ఇక మిగిలింది ఒక్క వంతే.

మేనేజరు చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అంతలో ఫోను మోగింది. పేరు చూసి లేచాడు. "చాలా బాగా మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టండి" అని, తెల్ల హెల్మెట్టు దుమ్ము దులిపి తలకెత్తుకుని, రుమాలు జేబులో కుక్కుకుని, చెవికి ఫోను ఆనించుకుని నడిచిపోయాడు.

చప్పట్లు కొట్టారు. తాళ్ళక్క కొట్టలేదు. కొట్టాలన్నా కొట్టలేదు పాపం, చేతులకు కట్లు.

తెల్లారేసరికి టైముకార్డుల గోడ మీద కాగితం వెలిసింది. పోయిన వారపు ప్రమాదానికి కారణం సైగలిచ్చే మేస్త్రీ నిర్లక్ష్యమేనని విచారణలో తేలిందట. "నలుగురి ఎదుటా స్వయంగా ఒప్పుకున్నందున" వేరే సాక్ష్యం అక్కర్లేదట. నేటినుంచి అతను స్టోరులో పని చేయాలి. గ్లౌజులు స్టోరుకీపరుకు అప్పగించాలి. స్టోరుకీపరు పోయిన ఏడాది రెండు రోజుల శిక్షణకు వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు కనక, రేపటి రెండో డ్రమ్ముకు చేతులు ఆయనవి.

మేస్త్రీ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. విచారణ ఎప్పుడు జరిగింది? ఎక్కడ జరిగింది? జరిగినచోట తనూ ఉన్నాడు! తలుపు మూసిన గదిలో, హెల్మెట్టు తీసేసి, గుండె విప్పి చెప్పిన మాటను ఎవడో జేబుదొంగలా తీసుకుపోయి గోడకు మేకు కొట్టాడు.

మేనేజరు గదికి వెళ్ళాడు. "సార్, ఆ గదిలో మాట గుమ్మం దాటదన్నారు."

"నేనెక్కడ దాటించాను? నువ్వు చెప్పిందే రాశాను. ఒక్క అక్షరం కలిపానా?"

కలపలేదు. అదే కదా దుర్మార్గం. అబద్ధమైతే కాలరు పట్టుకుని నిలదీయొచ్చు. తన నిజంతోనే తనను కొడితే ఎక్కడని పట్టుకుంటాడు?

"మరి మీ వంతు?"

"నా వంతేమిటి?"

"చివర మీరు చెబుతానన్నారు."

మేనేజరు నవ్వాడు. మంచివాడిలాగే నవ్వాడు. "పెద్దాయనా, ఈ వయసులో ఎండలో ఎందుకు? నీడపట్టున కూర్చోమంటే నామీదే కోపమా?"

ఇంటికి వెళ్ళి సంచి గోడకు తగిలించగానే భార్య గమనించింది. రోజూ ఆ సంచిలోంచి రెండు ఎర్ర చేతులు బయటకు వేలాడుతూ వచ్చేవి.

"గ్లౌజులేవి?"

చెప్పాడు. ఆవిడ వింటూ చేస్తున్న కుట్టు ఆపలేదు. ఎవరిదో పిల్లల చొక్కా, చంక దగ్గర చిరిగినది. అంతా విన్నాక దారం పళ్ళతో తెంపింది.

"ఎవడడిగాడు నిన్ను నిజం చెప్పమని?"

"పైలట్ చెప్పమన్నాడు."

"ఆకాశంలో తిరిగేవాడు చెప్పాడని నేలమీద నోరు తెరిచావా! సరే, తెరిచావు. సగమే ఎందుకు తెరిచావు? ఆ రేడియోలో అరిచినవాడి సంగతి మింగావేం, గొంతులో ముల్లు పడిందా?"

"ఎవరిది వాళ్ళే చెప్పాలే. పద్ధతి అది."

"పద్ధతి! పులితో కలిసి ఉపవాసం కూర్చున్న మేక నువ్వు." చొక్కా అవతల పారేసింది. "గ్లౌజులు కంపెనీవి, ఇచ్చేశావు. నా పెళ్ళిబట్ట కంపెనీదా? అదెందుకిచ్చావు? రేపు వెళ్ళి ఆ ముక్కలు ఊడదీసుకురా. లేదా నేనే కత్తెర పట్టుకొస్తాను."

ఆ రాత్రి మేస్త్రీ అన్నం కలిపాడు గాని నోట పెట్టలేదు. చేతులకేసి చూసుకున్నాడు. గ్లౌజుల కింద ఎండ తగలక, మోచేతుల దాకా నల్లగా ఉన్న మనిషికి అరచేతులు మాత్రం ఎవరివో అప్పు తెచ్చుకున్నట్టు తెల్లగా ఉన్నాయి.

మర్నాడు గాలి ఇంకా ఎక్కువైంది. డ్రమ్ము ఎత్తడం ఒకరోజు వెనక్కి పోయింది. పైలట్ ఆఫీసువాళ్ళకు పాఠం చెప్పడానికి మళ్ళీ వచ్చాడు. మేస్త్రీ స్టోరు వెనక కుళాయి దగ్గర తుప్పుపట్టిన కొక్కేలు కిరసనాయిలుతో కడుగుతున్నాడు. పైలట్ చేతులు కడుక్కుందామని అటు వచ్చాడు.

"మీరే కదూ, ముందువాడు నేలకేసి పోతే అనడిగింది?"

"నేనే. పోయాడు."

"ఏమిటి?"

మేస్త్రీ కొక్కెం నేలమీద పడేశాడు. ఖణేలుమంది. "మీ మాట నమ్మి నోరు తెరిచాను. గోడకు నోటీసు అంటించారు. వెళ్ళి చదువుకోండి, పెద్ద అక్షరాలే."

పైలట్ కుళాయి కట్టేశాడు. "మీ మేనేజరు ముందు ఏం చెప్పాడు?"

"ముందు చెప్పలేదు. చివర చెబుతానన్నాడు."

"చివర?"

"ఫోనొచ్చింది."

పైలట్ తడి చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. నీళ్ళు బూట్ల మీద కారుతున్నాయి. "వరస మారిస్తే అది ఆ గది కాదు" అన్నాడు చివరికి. "పోలీసు స్టేషను అవుతుంది."

"ఆ ముక్క ఆయనకు చెప్పండి."

"చెబుతాను. వింటాడని నేననుకోను. నేను ఏడాదికి నలభై కంపెనీలు తిరుగుతాను. అందరూ కుర్చీల్లో కళ్ళు మూసుకునే ఆట నేర్చుకుంటారు, రంగుల పొగ ఫోటోలు అడుగుతారు. మొదటి వంతు ఎవరూ తీసుకోరు. నాకు తెలుసు. తెలిసీ వస్తున్నాను."

"తెలిసీ వస్తున్నారా!" మేస్త్రీ గొంతు యార్డంతా వినపడింది. "అయితే ఆయనకంటే మీరే పెద్ద దొంగ. ఆయన నా నోట్లోంచి మాట లాక్కున్నాడు. నోరు తెరిపించింది మీరు!"

పైలట్ తలూపాడు. అది చూసి మేస్త్రీకి ఇంకా ఒళ్ళు మండింది. ఎదురు తిరిగితే నాలుగు దులిపేవాడు.

"హాల్లో ఒకటి చెప్పలేదు" అన్నాడు పైలట్. "చెబితే మేనేజర్లకు నచ్చదు. మా జట్టుకు నేలమీద ఒక మనిషి ఉంటాడు, చేతిలో రేడియో పెట్టుకుని. ఎగరడు. ఊరికే చూస్తాడు. వాడు ఆపమంటే తొమ్మిది విమానాలూ తలోదిక్కుకు విడిపోవలసిందే. వాడే కాదు, తొమ్మిదిమందిలో చివరివాడు అన్నా అంతే. నాయకుడు ఎందుకని అడగకూడదు. ముందు విడిపోవాలి, తరవాత అడగాలి."

"అది మాకూ ఉంది. గేటు దగ్గర బోర్డు మీద."

"ఆనాడు ఎవరైనా ఇచ్చారా?"

"నేను రెండుసార్లు..."

"మీరు కాక."

మేస్త్రీ కింద పడేసిన కొక్కెం తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. పైలట్ వెళ్ళిపోయింది కూడా చూడలేదు. ఆనాడు యార్డులో పాతికమంది ఉన్నారు. పాతికమందికీ గాలి తగులుతూనే ఉంది. అందరూ తన చేతులకేసే చూస్తూ నిలబడ్డారు, చేతులున్నది తనొక్కడికే అన్నట్టు.

ఆ మర్నాడు పొద్దున స్టోరుకీపరు మేస్త్రీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు, పొరపాటున గట్టిగా తుమ్మినా క్షమాపణ చెప్పే రకం. ఎర్రగుడ్డ గ్లౌజులు రెండూ చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"అన్నయ్యా, నేనడగలేదు. ఒట్టు. ఇంట్లో నా భార్య కూడా నాతో మాట్లాడటం లేదు."

"మీ ఆవిడ మాట్లాడకపోతే అదృష్టం. మా ఆవిడ ఆపడం లేదు."

"పదింటికి డ్రమ్ము ఎత్తుతారు. పెద్దలు మళ్ళీ వస్తున్నారట. ఆ సైగలు నాకు కాస్త చెప్పు."

మేస్త్రీ తలుపులోంచి బయటకు చూశాడు. క్రేను కొసన ఉన్న గాలి మీటరు గిన్నెలు గిర్రున తిరుగుతున్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాడు ఆలోచన వచ్చింది. వెళ్ళనీ. ఎత్తనీ. ఈసారి గోడంతా పడనీ. అప్పుడు చూద్దాం ఎవడి పేరు గోడకెక్కుతుందో. ఆ ఆలోచన తియ్యగా ఉంది. అంతలో గుమ్మం ముందునుంచి తాళ్ళక్క నడిచి వెళ్ళింది, కట్టు మీదే తోలు గ్లౌజు ఎక్కించుకుంటూ, పళ్ళతో లాగుతూ.

"కూర్చో" అన్నాడు మేస్త్రీ. "కళ్ళు మూసుకో."

స్టోరుకీపరు మేకుల డబ్బా మీద కూర్చున్నాడు. "నీలాగా గుడ్డును టీగ్లాసులో దింపడం నావల్ల కాదన్నయ్యా."

"ఆ గుడ్డు పగిలింది."

"ఆఁ?"

"పగిలిందయ్యా. గ్లాసు దాకా కూడా పోలేదు, గోడకే కొట్టుకుంది. జనం ఈలలు వేస్తుంటే వాళ్ళకేసి చూశాను. రెండో గుడ్డూ పగిలింది. మూడోది మీ వదిన ఇవ్వనంది."

పగిలిన మాట నిజం. మొదట్లో చెప్పేవాడు కాస్త ఎత్తుగా ఎత్తాడు, ఇప్పుడు దించాడు. సొన చెప్పేవాడి చొక్కా మీద కూడా పడిందని చెబితే ఈసారైనా నమ్ముతారేమో.

"నీకు ఒక్క సైగే నేర్పుతాను" అన్నాడు మేస్త్రీ. "ఎత్తు, దించు ఏ గాడిదైనా చెబుతాడు. ఇది చాలామందికి రాదు. చేతులు చాపు. ఇంకా. భుజాలు నొప్పెట్టాలి. అరచేతులు కిందికి. ఇప్పుడు మేనేజరు నీ చెవిలో అరుస్తున్నాడనుకో. ఎత్తించు, ఎత్తించు, బుద్ధి లేదా! చేతులు దించేశావు చూడు! మళ్ళీ చాపు. ఒరే సన్నాసీ, నీ ఉద్యోగం ఊడబీకుతాను! దించకు! కళ్ళు తెరవకు! దించకు!"

పావుగంట అలా తిట్టాడు. మూడు రోజుల కోపం ఆ పావుగంటలో మేనేజరు గొంతుతో బయటికొచ్చింది. స్టోరుకీపరు కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుండగా, చేతులు దించకుండా కూర్చున్నాడు.

పదింటికి డ్రమ్ము ట్రైలరు మీద సిద్ధంగా ఉంది. రెండు కొక్కేలూ తగిలించారు. పెద్దలు నలుగురు, కొత్త హెల్మెట్లు, నీడలో నిలబడ్డారు. మేస్త్రీ స్టోరు గుమ్మంలో ఉన్నాడు; యార్డులోకి రావద్దని మనిషి చేత చెప్పించారు.

స్టోరుకీపరు నడిచి వచ్చి మేస్త్రీ ఎప్పుడూ నిలబడే గీత మీద నిలబడ్డాడు. మీటరుకేసి చూశాడు. వేలు పైకెత్తలేదు. రెండు చేతులూ బారజాపాడు, ఎర్ర అరచేతులు నేలకు. వెంటనే రెండు క్రేన్ల ఇంజన్ల చప్పుడూ తగ్గింది.

రేడియోలో అరుపు స్టోరు గుమ్మం దాకా వినపడింది. స్టోరుకీపరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేతులు దిగలేదు.

మేనేజరు తెల్ల హెల్మెట్టు సర్దుకుంటూ వచ్చి అతని చేతులనుంచి గ్లౌజులు ఊడలాక్కుని తనే తొడుక్కున్నాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. ఎర్రగుడ్డ చేతుల వెనకవైపుకొచ్చింది. ఆ చేతుల్తోనే వేలు పైకెత్తి గిరగిర తిప్పాడు. ఎత్తు!

పెద్ద క్రేనులోంచి మామ తల బయటపెట్టాడు. "సార్, ఆపు ఉందండీ."

"ఎవడాపాడు? వాడి గ్లౌజులు తీసేశాను కదా!"

"ఆయన కాదండీ. అటు చూడండి."

తాళ్ళక్క తాడు కింద పెట్టేసి, కట్లు కట్టిన రెండు చేతులూ బారజాపి నిలబడింది. ఆవిడ పక్క తాడు మనిషి చాపాడు. ట్రైలరు డ్రైవరు దిగివచ్చి, ఏమిటో సరిగా అర్థం కాకపోయినా, చాపాడు. టీ డబ్బా కిందపెట్టి టీ మనిషి చాపాడు. "బావా, మా అక్క చూస్తే మురిసిపోతుంది!" అని చిన్న క్రేనులోంచి కేక వినపడింది. ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో గాలి ఒక్కటే కొక్కేలను టంగుటంగుమనిపిస్తోంది. యార్డంతా మనుషులు దిష్టిబొమ్మల్లా చేతులు చాపుకుని నిలబడ్డారు. స్టోరు గుమ్మంలో మేస్త్రీ కూడా చాపాడు. ఒట్టి చేతులు, తెల్లటి అరచేతులు.

మేనేజరు ఒక్కడే వేలు తిప్పుతూ మధ్యలో ఉన్నాడు. తిప్పి తిప్పి వేలు నెమ్మదించింది. నీడలోంచి పెద్దల్లో ఒకాయన, "ఏమయ్యా, ఏమిటిది? గాలా?" అనడిగాడు.

మేనేజరు తలెత్తి మొదటిసారిగా మీటరుకేసి చూశాడు. "గాలే" అన్నాడు. "ఆనాడూ గాలే. ఆపమంటే నేనే ఎత్తించాను. తప్పు నాది." గ్లౌజులు తీసి స్టోరుదాకా నడిచివచ్చి మేస్త్రీ చేతుల్లో పెట్టాడు.

డ్రమ్ము రెండు రోజుల తరవాత, గాలి పడ్డాక, ఎర్ర చేతుల కింద, ఇటుక మీద ఇటుక పెట్టినట్టు కూర్చుంది. టైముకార్డుల గోడ మీద మేకు మిగిలింది, కాగితం లేదు.

ఇందులో ఒక్కటి చెప్పేవాడు కల్పించాడు. మేనేజరు తప్పు నాదని అనలేదు. కథ చక్కగా ఉండాలని చెప్పేవాడే అతని నోట్లో పెట్టాడు. నిజానికి అతను "గాలే" అన్నాడు, "ఇవాళ్టికి వద్దు" అన్నాడు, గ్లౌజులు ఒక పీపా మీద పడేసి కారెక్కాడు. కాగితాన్ని గోడమీంచి చింపింది తాళ్ళక్క, కట్టు చేతులతో. గ్లౌజులు మేస్త్రీ తనంతట తనే వెళ్ళి తీసుకున్నాడు, ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు ఆ యార్డులో ప్రతి బరువూ దిగాక అందరూ హెల్మెట్లు తీసి కూర్చుంటారు. మేనేజరు కోసం ఒక కుర్చీ ఖాళీగా వేస్తారు. దానికేసి చూస్తూ ఒక నిమిషం ఊరుకుంటారు. తరవాత మేస్త్రీ తనది చెబుతాడు. మొదటి వంతు ఇంకా అలాగే ఉంది.